ఉరుకుందుకు ఏడేళ్ళు

13 జూన్ 2024

బడి తెరిచారు. మా ఉరుకుందు రెండో తరగతి. రెండో తరగతి పిల్లలకని ఇచ్చిన యూనిఫాం గుడ్డ వాడి ప్యాంటుకే సరిపోయింది. చొక్కాకు వేరే చూడాలి.

కొత్త హెడ్మాస్టరు వాణ్ణి ఐదో తరగతి వరుసలో నిలబెట్టాడట. వీడు నోరెత్తకుండా ప్రార్థన అయ్యేదాకా అక్కడే నిలబడి, పేర్లు పిలిచేటప్పుడు తన పేరు రాకపోయేసరికి బిక్కముఖం వేశాడట. సాయంత్రం ఆ మాట చెబితే మా బావ పడీపడీ నవ్వాడు. "నా కొడుకును సూసి సారే తికమక పడినాడు" అని వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పి వచ్చాడు. మా అత్త వెంటనే ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది.

నేనూ నవ్వాను. బలంగా ఉన్నాడు. మంచిదే కదా.

16 జూన్

చొక్కా గుడ్డ కోసం ఆదోనికి పోయాం. బస్సులో కండక్టరు వాడికి ఫుల్ టికెట్టు కొట్టాడు. ఏడేళ్ళవాడని నేను చెప్పబోతే బావ మోచేత్తో పొడిచాడు. టికెట్టు వాడి జేబులోనే పెట్టి, ఇంటికొచ్చాక అత్తకు తీసి చూపించాడు.

బావ నాకు పెళ్ళితో పరిచయమైన మనిషి కాదు. మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

22 జూన్

ఈరోజు అంగన్‌వాడీలో పిల్లల బరువులూ ఎత్తులూ తీశాను. చార్టులో ముగ్గురి చుక్కలు ఎర్ర రంగులో పడ్డాయి. తల్లులను పిలిపించి గుడ్డు మానొద్దని, పాలు పట్టమని చెప్పాను.

ఉరుకుందు నా కేంద్రంలో ఉన్నప్పుడు వాడి చుక్క ఎప్పుడూ పచ్చ రంగులోనే పడేది. ఆఖరి ఏడు పచ్చ కూడా దాటి కాగితం అంచుకు పోయింది. సూపర్‌వైజరమ్మ చూసి, తల్లి టీచరైతే బిడ్డ ఇట్లా ఉంటాడని నలుగురిలో మెచ్చుకుంది. చుక్క కిందికి పోతే ఏం చేయాలో మాకు శిక్షణలో చెప్పారు. పైకి పోతే ఏం చేయాలో చెప్పలేదు. చెప్పలేదంటే చేయాల్సింది ఏమీ లేదనే.

30 జూన్

వాడి చొక్కాలకు పెద్దవాళ్ళ చెమట వాసన. ఎండలు ఇంకా తగ్గలేదు.

9 జూలై

నుదుటి మీద మొటిమలు. మామిడిపండ్ల వేడి. గొంతు బొంగురు పోయింది, జలుబు చేసి ఉంటుంది. ముక్కు కారడం లేదు. అయినా పిల్లలకు మామూలే.

17 జూలై

పీర్ల పండగ. పీర్ల సావిడి ముందు గుండంలో మొద్దులు మండుతుంటే ఊరి మొగపిల్లలంతా చుట్టూ తిరుగుతూ అలాయి ఆడారు. ఉరుకుందు నా పక్కన నిలబడి చూస్తున్నాడు. బావ వచ్చి వాణ్ణి చెయ్యి పట్టి తీసుకుపోయి పదో తరగతి పిల్లల మధ్యలో వదిలాడు.

మొదటి చుట్టు బాగానే తిరిగాడు. తప్పెట్లు జోరందుకుని నిప్పురవ్వలు లేచేసరికి బెదిరిపోయాడు. గుంపును తోసుకుంటూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి కొంగులో ముఖం దాచుకుని ఏడుపు. వాడు ఇప్పుడు నా చెవుల దాకా వస్తాడు. కొంగులో దూరడానికి బాగా వంగాల్సి వచ్చింది. చూసినవాళ్ళు నవ్వారు. ఇంత మనిషి ఏడుస్తున్నాడు చూడండని ఎవరో అన్నారు. బావ నవ్వలేదు. ఆయన ముఖం నల్లబడింది.

ఇంటికి వచ్చేటప్పుడు వాడు అడిగాడు.

"అమ్మా, నేను పెద్దోణ్ణి అయిపోయినానా?"

"లేదు నాయనా, ఇంకా కాలేదు."

"మరి నాన్న పెద్దోళ్ళల్లో ఆడమన్నాడే?"

18 జూలై

బడికి పోనన్నాడు. పంపించాను.

28 జూలై

ఆదివారం. తల అంటి, వెలుతురులో కూర్చోబెట్టి తల తుడుస్తుంటే పై పెదవి మీద నూగు కనిపించింది. కనిపించడం ఈరోజు కాదు. ఈరోజు ఎండలో నల్లగా కనిపించింది.

కుట్టుమిషను దగ్గరి చిన్న కత్తెర తెచ్చాను. కదలొద్దు అంటే కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టాడు. ఏం కత్తిరిస్తున్నావని అడిగితే పాలమీగడ అంటుకుందని చెప్పాను. తుడిస్తే పోదా అన్నాడు.

చంకల్లోనూ ఉంది. చూడనట్టే చొక్కా తొడిగాను.

ఎదిగే వయసు. బావ వాళ్ళ తాత మల్లయుద్ధాలు చేసేవాడని అత్త చెబుతుంది. ఆ పోలికే అయి ఉంటుంది.

6 ఆగస్టు

బడిలో ఆటల్లో ఉరుకుందు ఒక పిల్లవాణ్ణి తోశాడు. ఆ పిల్లవాడు గట్టు మీది నుంచి పడి ముంజేయి విరిగింది. అరుణ్, మా వెనక వీధి ప్రేమమ్మ కొడుకు. హెడ్మాస్టరు ఉరుకుందును బెత్తంతో కొట్టాడు. అంత పెద్దవాడివి, చిన్నపిల్లల మీద బలం చూపిస్తావా అన్నాడట. అరుణూ వీడూ ఒకే బెంచీ.

నేను ఇంటికి వచ్చేసరికి గాదె పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. పిక్కల మీద వాతలు. "నేను పెద్దోణ్ణి కాదమ్మా. సారుకు నువ్వు సెప్పు" అన్నాడు. ఆ గొంతుతో ఆ మాట వింటుంటే ఎటో చూశాను.

సాయంత్రం ప్రేమమ్మ వచ్చింది. కొట్లాటకే వచ్చిందనుకుని నేనే ముందు మొదలుపెట్టాను. ఆమె అంతా విని, మెల్లగా ఒకటే అంది.

"నా కొడుకూ నీ కొడుకూ ఒకే నెలలో పుట్టినారు గదా శివలీలా. వాని సెయ్యి అతుక్కుంటాదిలే. నువ్వు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఒకసారి సూడు. నీ బిడ్డను యాడన్నా సూపించు."

ఆమె పోయాక చాలాసేపు నాకు కోపం తగ్గలేదు. కడుపుమంట. తన కొడుకు ఎదగడం లేదని నా కొడుకు మీద పడింది.

7 ఆగస్టు

నిన్న రాసింది తప్పు. ప్రేమమ్మకు కడుపుమంట లేదు.

9 ఆగస్టు

బడికి పిల్లలను పరీక్ష చేసే డాక్టరమ్మ వచ్చింది. ఉరుకుందును పక్కకు తీసుకుపోయి చూసి, నాకు కబురు పెట్టింది. వయసు మూడుసార్లు అడిగింది. ఎప్పటి నుంచి ఇట్లా ఉన్నాడని అడిగితే, ఈమధ్యనే అన్నాను. ఐదో ఏటి నుంచే అని నోటిదాకా వచ్చింది.

కర్నూలులో ఈ హార్మోన్ల జబ్బులు చూసే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చింది. ఆలస్యం చేయొద్దమ్మా అంది.

12 ఆగస్టు

బావకు చెప్పాను. జబ్బు అనలేదు. కర్నూలులో చేతి ఎముక ఫోటో తీస్తారట, బిడ్డ ఎంత ఎత్తు దాకా పోతాడో ముందే చెబుతారట అన్నాను. అబద్ధం కాదు, డాక్టరమ్మ అట్లానే చెప్పింది. బావ ముఖం వెలిగిపోయింది. పోదాం అన్నాడు.

22 ఆగస్టు

కర్నూలు పోయి వచ్చాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అక్కడి పిల్లల డాక్టరమ్మ మా ఇద్దరినీ గోడకు నిలబెట్టి మా ఎత్తు కూడా తీసింది. వాడి ఎడమ చేతికి ఎక్స్‌రే, రక్తం. రక్తం హైదరాబాదుకు పోవాలి, వారం పడుతుంది.

మీరు దగ్గరి బంధువులా అని అడిగింది. మేనమామ కూతురే అని బావ గొప్పగా చెప్పాడు. ఆమె రాసుకుంది.

31 ఆగస్టు

ఫలితాలు వచ్చాయి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. రాస్తే అయినా నాకు అర్థమవుతుందేమో.

మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులు ఉంటాయట. వాడికి పుట్టుకతోనే వాటిలో లోపం. ఒంటికి కావలసిన ఒక రసం తయారు కాదు. దానికి బదులు మగతనం తెచ్చే రసం ఎక్కువగా ఊరుతుంది. అందుకే ఈ గొంతు, ఈ ఎత్తు, ఈ మీసం. వాడు తిన్న తిండి కాదు, తాత పోలిక కాదు. బావ వైపు నుంచి సగం, నా వైపు నుంచి సగం వచ్చిందట. మాకు ఏమీ తెలియదు, మా ఒంట్లో కనిపించదు. ఇద్దరివీ కలిస్తేనే బిడ్డలో బయటపడుతుంది.

ఎక్స్‌రేను వెలుతురులో పెట్టి చూపించింది. ఏడేళ్ళ బిడ్డ చేతిలో పన్నెండేళ్ళ ఎముకలు. ఎముక కొసల్లో సందులు ఉన్నంతవరకే పెరుగుదల అట. వాడివి తొందరగా మూసుకుపోతున్నాయి. ఇట్లానే వదిలేస్తే పదీ పదకొండేళ్ళకు పెరగడం ఆగిపోతుంది. అప్పుడు తోటివాళ్ళు పెరగడం మొదలుపెడతారు. వీడు అక్కడే నిలిచిపోతాడు. బావ కంటే బాగా పొట్టిగా.

మాత్రలు ఉన్నాయి. రోజుకు మూడు పూటలు, బతికినంతకాలం. మొదలుపెట్టాక ఒక్క పూట మానకూడదు. జ్వరం వస్తే మోతాదు పెంచాలి. వాంతులైతే ఆలోచించకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి, లేకపోతే ప్రాణానికే ముప్పు. మాత్రలు వేస్తే వాడి పెరుగుదల నెమ్మదిస్తుంది. నెమ్మదించడమే మనకు కావలసింది అంది.

బావ అంతా విన్నాడు. ఒకటే అడిగాడు. "మందేస్తే పెరిగేది తగ్గుతాదంటారు. అంతేనా మేడమ్?"

అంతే అంది ఆమె. ఇంకా ఏదో చెప్పబోయింది. బావ లేచాడు.

బస్సులో ఉరుకుందు మధ్యలో కూర్చుని దారి పొడుగునా లారీలు లెక్కపెట్టాడు.

1 సెప్టెంబరు

"పెరిగే బిడ్డకు పెరగకుండా మందు పోస్తారా ఎవరన్నా?" ఈరోజంతా బావది ఇదే మాట. పత్తిచేనుకు పెరగకుండా మందు కొడతామా అని అడిగాడు. డాక్టర్లకు ఏదో ఒకటి చెప్పకపోతే గడవదన్నాడు. నేను ఎక్స్‌రే సంగతి ఎత్తితే బయటికి పోయాడు.

బావ కానిస్టేబుల్ సెలక్షన్ల సంగతి ఈ ఇంట్లో ఎవరమూ ఎత్తం. పరుగులో జిల్లాలో ముందున్నాడు. ఎత్తు దగ్గర వేలెడు తక్కువైంది. మరుసటి నోటిఫికేషను దాకా పశువుల కొట్టం దూలానికి కాళ్ళకు ఇసుక మూటలు కట్టుకుని వేలాడేవాడు. నేను అప్పుడు ఇంటరు చదువుతూ ఆ కొట్టం గోడ పక్క నుంచే నీళ్ళకు పోయేదాన్ని. రెండోసారీ అంతే. ఊళ్ళో కొందరు ఇప్పటికీ పొట్టి రంగనాథ్ అంటారు. ట్రాక్టరు మీద కూర్చున్నప్పుడు మాత్రం ఆయన అందరికంటే ఎత్తు.

ఇట్లాంటి మనిషికి దేవుడు ఇట్లాంటి కొడుకును ఇచ్చాడు. ఇప్పుడు ఆ ఎత్తును కూడా తీసుకుంటామంటే ఎట్లా ఒప్పుకుంటాడు?

3 సెప్టెంబరు

అత్తకు ఎవరు చెప్పారో. మేనరికం వల్లనే అంట గదా అని అడిగింది. అట్లా అనలేదత్తా, ఇద్దరిలోనూ ఉంటే వస్తుందన్నారు అని చెప్పాను. ఆమె ఈరోజు అన్నం ముట్టలేదు. సాయంత్రం గడప దగ్గర కూర్చుని, నా వైపు చూడకుండా అంది.

"నా తమ్ముని కూతురని ఏరికోరి తెచ్చుకొన్యా. పరాయిది వస్తే నా కొడుకును పొట్టోడంటాదని భయపడినా. నేనే వాని నోట్లో మన్ను కొట్టినానా?"

నేను పోయి పక్కన కూర్చున్నాను. నన్ను ఇంకెవరికి ఇచ్చినా నాకు ఇష్టముండేది కాదని చెప్పాల్సింది. చెప్పలేదు.

7 సెప్టెంబరు

వినాయక చవితి. పిండివంటలు చేశాం. తిన్నాం.

14 సెప్టెంబరు

మాత్రలు చీరల కింద ఉన్నాయి. ఫలితాలు చెప్పిన రోజే, బావ ముందు నడిచిపోతే నేను వెనక ఆగి కొనేశాను. ఈరోజు ఒక అట్ట తీసి చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున బడికి పోయేముందు ఒకటి ఇవ్వొచ్చు, ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం నా కేంద్రానికి పిలిచి ఇవ్వొచ్చు. మరి మూడోది? ఎప్పుడో ఒకరోజు బావ చూసి విసిరేస్తే? మొదలుపెట్టి మానితే మొదలుపెట్టకపోవడం కంటే ప్రమాదం అంది డాక్టరమ్మ. ఇంట్లో అందరూ ఒకటైతేనే మొదలుపెట్టండి అంది.

మళ్ళీ చీరల కింద పెట్టాను.

29 సెప్టెంబరు

జూన్‌లో కుట్టించిన చొక్కా చేతులు మణికట్టు మీదికి పోయాయి. మీసం కత్తిరించడం మానేశాను. ఒకసారి కత్తిరిస్తే వారానికే వస్తోంది. వాడూ ఇప్పుడు పాలమీగడ అంటే నమ్మడం లేదు.

8 అక్టోబరు

బావను మళ్ళీ అడిగాను. పత్తి అమ్మినాక చూద్దాం అన్నాడు. పత్తికీ దీనికీ సంబంధం లేదని ఇద్దరికీ తెలుసు.

21 అక్టోబరు

నిన్న పక్కూరి జాతర. నిన్న రాయలేకపోయాను.

నలుగురం మా ట్రాక్టరులోనే పోయాం. మొక్కు తీరాక అత్తకు కాళ్ళు గుంజుతున్నాయంటే, ఆడవాళ్ళు నడుం వాల్చడానికి వేసిన డేరాలో పడుకోబెట్టాను. ఉరుకుందును తీసుకుని బావ రంగులరాట్నం దగ్గరికి పోయాడు. నేను అత్తకు నీళ్ళు తేవడానికి కుళాయి దగ్గర వరుసలో నిలబడ్డాను.

బావ టికెట్టు తీసుకునేంతలో వీడు జనంలో తప్పిపోయాడు. భయపడి నన్ను వెతుక్కుంటూ డేరాలోకి వచ్చాడు. లోపల చీకటిగా ఉంది. పడుకున్న ఒక్కొక్కరి మీదికీ వంగి, అమ్మనో అవ్వనో అని ముఖాలు చూసుకుంటూ పోయాడు. ఎవరో ఒకామె కళ్ళు తెరిచింది. తన మెడ మీదికి వంగిన మీసాల పిల్లవాణ్ణి చూసి దొంగ దొంగ అని కేక పెట్టింది. గొలుసు కోసం వచ్చాడనుకుంది. ఆమె తప్పేముంది?

నేను కేకలు విని వచ్చేసరికి బయట గుంపు. మధ్యలో నా బిడ్డ. ఒకడు కాలరు పట్టుకున్నాడు, ఇద్దరు కొడుతున్నారు. ఏ ఊరు, ఎవరితో వచ్చినావు, ముఠాలో ఎంతమంది అని అడుగుతున్నారు. వాడు దేనికీ జవాబు చెప్పలేదు. అమ్మా అని కూడా అనలేదు. ఎటు నుంచి దెబ్బ వస్తుందోనని తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. నన్ను లోపలికి పోనివ్వలేదు. నా బిడ్డ నా బిడ్డ అని అరుస్తున్నాను. నా మాట ఆ గోలలో ఎవరికి వినిపించిందో.

అప్పుడు బావ వచ్చాడు. ఆయన గుంపులో దూరింది నేను చూడలేదు. పొట్టిమనిషి, జనంలో కనిపించడు. చూసేసరికి వాడికీ వాళ్ళకూ మధ్య నిలబడి ఉన్నాడు. వాడి తల ఆయన గడ్డం దాకా వచ్చింది.

"కొట్టాకండప్పా. చిన్నబిడ్డ. ఏడేండ్లు వానికి."

వాళ్ళు నవ్వారు. కాలరు పట్టుకున్నవాడు వదల్లేదు. "ఏడేండ్లోనికి మీసముంటాదా? ఎవరికి సెప్తాండావప్పా?" అన్నాడు. నువ్వు కూడా వాడి జతవాడివేనా అని ఇంకొకడు బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"దేవుని మీద ఒట్టు. ఏడేండ్లే."

ఎవరూ నమ్మలేదు. ఈ మూడేళ్ళలో ఎవరైనా అడిగితే వాడి వయసు చెప్పకుండా, మీరే చెప్పండి చూద్దాం అనేవాడు బావ. నిన్న ఏడేళ్ళు, ఏడేళ్ళు అని ఎన్నిసార్లు అన్నాడో.

తర్వాత వాడి గడ్డం పట్టుకుని, "నోరు తెరువు నాయనా" అన్నాడు. వాడు పెదవులు బిగించుకుని ఉన్నాడు. "నాన్నను. తెరువు" అన్నాడు. వాడు తెరిచాడు. బావ వేళ్ళతో పెదవి పైకెత్తి వాళ్ళకు చూపించాడు. పైన ముందరి పండ్లు రెండూ లేవు. పోయిన నెలలోనే ఊడాయి. ఒకచోట కొత్తపన్ను కొస బియ్యపుగింజంత బయటికి వచ్చింది.

"పాలపండ్లప్పా. సూడండి. ఊడి ఇంకా మొలసలేదు. పెద్దోడైతే ఇట్లుంటాయా?"

ఒక ముసలావిడ ముందుకు వచ్చి వంగి చూసింది. నోటి చుట్టూ ఉన్న రక్తం తన కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. పసిబిడ్డే అంది. మీ చేతులు పడిపోనూ అంది. కాలరు వదిలారు. అందరూ ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. కేక పెట్టిన ఆమె ఏడుస్తూ నా చేతులు పట్టుకుంది.

వాడి నిక్కరు తడిసిపోయింది. బావ తన భుజం మీది టవలు తీసి వాడి నడుముకు చుట్టాడు. ముడి వేయబోయాడు, రెండుసార్లూ జారిపోయింది. నేను వేశాను.

వచ్చేటప్పుడు, జాతరకు వచ్చిన మా పక్కింటి ఉమామహేశ్ మా ట్రాక్టరు తోలాడు. బావ వెనకాల వాణ్ణి పట్టుకుని కూర్చున్నాడు. ఇంటికి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా అడిగాడు.

"మాత్రలు యాడ పెట్టినావు?"

చీరల కింద అన్నాను. సెలవు పెట్టు, కర్నూలు పోదాం అన్నాడు.

24 అక్టోబరు

కర్నూలు. డాక్టరమ్మ వాడి ముఖం మీద వాపు చూసి ఏమైందని అడిగింది. బావే చెప్పాడు, ఏదీ దాచలేదు. ఆగస్టులో మొదలుపెట్టాల్సింది అని ఆమె అనలేదు. అంటే బాగుండేది.

మళ్ళీ అన్నీ వివరంగా చెప్పింది. ముదిరిన ఎముకలు వెనక్కి పోవు, మిగిలిన సందులు ఎంతకాలం తెరిచి ఉంచగలమో చూడాలి అంది. బావ అడిగాడు.

"నా అంతన్నా అయితాడా మేడమ్?"

చూద్దాం, మాట ఇవ్వలేను అంది ఆమె.

బావ తల ఊపాడు. ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగాడు.

25 అక్టోబరు

మొదటి మాత్ర. చేదు అన్నాడు. బావ బెల్లంముక్క పెట్టాడు.

2 నవంబరు

ఒక్కో పూట మాత్రలో సగమే. చాకుతో కోస్తే పొడైపోతోంది. అత్త తన అడకత్తెర తీసుకుని, తుడిచి, ఒక్క నొక్కుతో సరిసగం చేసింది. నాకు ఇవ్వు, ఇది నా పని అంది. అప్పటి నుంచి ఆ డబ్బా ఆమె దగ్గరే. మేనరికం మాట మళ్ళీ ఎత్తలేదు. వక్కలు నమలడం మానేసింది. అడకత్తెర ఇప్పుడు మాత్రలకే.

6 నవంబరు

హెడ్మాస్టరు దగ్గరికి బావే పోయాడు. వాణ్ణి రెండో తరగతి పిల్లవాడిగా చూడమని, అరవొద్దని చెప్పాడట. సారు బాధపడ్డాడట. నేను ఎప్పుడో పోవాల్సింది. పోలేదు.

19 డిసెంబరు

జ్వరం. మాత్ర రెండింతలు.

20 డిసెంబరు

తగ్గలేదు. వాంతి అయితే పోవడానికి బావ ఆటో తెచ్చి వాకిట్లో పెట్టాడు. వాంతి కాలేదు.

21 డిసెంబరు

తగ్గింది. గంజి తాగాడు. బావ ఆటోలోనే నిద్రపోతున్నాడు.

26 జనవరి 2025

జెండా పండగకు తెల్లచొక్కా తొడిగాను. నవంబరులో కుట్టించింది. చేతులు మణికట్టు దగ్గరే ఉన్నాయి. రెండుసార్లు చూశాను. నాకు సంతోషమే. బావ కూడా చూశాడు. సరిపోయింది అన్నాడు. అని గొడ్ల దగ్గరికి పోయి ఒక్కడే చాలాసేపు కూర్చున్నాడు. పిలవలేదు నేను.

16 ఫిబ్రవరి

ఉరుకుందు అడిగాడు, మాత్రలు ఎన్నాళ్ళు అని. నువ్వు పెద్దవాడివి అయ్యేదాకా అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాటకు వాడు ఏమనుకుంటాడో. ఎప్పటికీ అన్నాను. అన్నం మాదిరి రోజూ అన్నాను. అన్నం మాదిరి అయితే సరే అన్నాడు.

9 మార్చి

గొంతు అట్లానే ఉంది. గొంతు వెనక్కి పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. వాసన తగ్గింది. మొటిమలు పోయాయి. ఈమధ్య కోపాలు తగ్గాయి. అరుణూ వాడూ మళ్ళీ ఒకే బెంచీ. ప్రేమమ్మ ఇంటికి పోయి వచ్చాను. ఆమె ఆ రోజు మాటలు తీయలేదు. నేనే తీశాను. నీకు కోపమొచ్చినా పరవాలేదనుకునే చెప్పానంది.

12 ఏప్రిల్

కర్నూలులో మళ్ళీ ఎక్స్‌రే. ఎముక ఆర్నెల్లలో ముందుకు పరిగెత్తలేదు, దాదాపు ఉన్నచోటే ఉంది అంది డాక్టరమ్మ. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఎంత ఎత్తు అవుతాడని ఈసారి బావ అడగలేదు. అడుగుతాడేమోనని నేను చూశాను. జ్వరం వస్తే వేసే మోతాదు మళ్ళీ చెప్పించుకుని, లేచాడు.

బస్సులో ఉరుకుందు నిద్రపోయాడు. మా రోడ్డు మలుపులో దిగేసరికి పొద్దు వాలుతోంది. నేను లేపబోతే బావ వద్దన్నాడు.

"లేపాకు. రాత్రి ఆస్పత్రంటే భయంతో సరిగ్గా పండుకోలేదు వాడు."

వంగి వాణ్ణి వీపు మీదికి ఎక్కించుకున్నాడు. నాలుగేళ్ళుగా వాణ్ణి ఎత్తుకోలేదు. ఎత్తుకునే బిడ్డ మాదిరి వాడు కనిపించేవాడు కాదు. వాడి కాళ్ళు ఆయన మోకాళ్ళ కిందికి వేలాడుతున్నాయి. నాలుగు అడుగులకు ఒకసారి ఆగి పైకి ఎగదోసుకుంటున్నాడు. వాడి చెప్పులు చేతిలో పట్టుకుని నేను వెనక నడిచాను.

టీ అంగడి దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు. అందరూ చూశారు. ఒకప్పుడైతే బావ వాణ్ణి దించి ముందు నడిపించేవాడు. దేవేంద్రప్ప లేచి దగ్గరికి వచ్చి, పిల్లోనికి ఏమైంది రంగనాథా, దెబ్బ తగిలిందా అని అడిగాడు.

బావ ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు.

"ఏంలేదు మామా. నిద్రపోయినాడు. చిన్నోడు గదా."

అని ఇంకోసారి పైకి ఎగదోసుకుని నడిచాడు.